పదహారు ఆంపియర్ల మెరుపు

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్లలకి వెల్డింగ్ అనగానే కరెంటు గుర్తు రాదు. పట్టాల మధ్య కుండలోంచి లేచే మంట గుర్తొస్తుంది. రెండు పట్టాల కొసల నడుమ అంగుళం ఖాళీ వదిలి, చుట్టూ ఇసుక అచ్చు బిగించి, కొసల్ని ఎర్రగా కాల్చి, పైన కుండ పెట్టి అల్యూమినియం పొడి, ఇనుప ఆక్సైడ్ కలిపిన మిశ్రమానికి నిప్పంటిస్తారు. ఇనుము దగ్గరున్న ఆక్సిజన్‌ని అల్యూమినియం లాగేసుకుంటుంది. ఆ పెనుగులాటలో వేడి రెండు వేల డిగ్రీలు దాటి, కరిగిన ఉక్కు కిందికి దిగి, ఖాళీని నింపేస్తుంది. 1890లలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హాన్స్ గోల్డ్‌ష్మిట్ కనిపెట్టిన థర్మిట్ పద్ధతి ఇది. దీనికి వైరు లేదు, ప్లగ్గు లేదు. కాబట్టి సాకెట్ ఎంత మోస్తుందన్న గొడవా లేదు.

ఆ గొడవ ఇంట్లో మొదలవుతుంది.

బిలాస్‌పూర్ అతుకుల మీద బతికే ఊరు. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ దారిన పట్టాలు వేసింది. ఆ కంపెనీ లైన్ల వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్ దాకా, ఇటు బిలాస్‌పూర్ దాకా వచ్చి స్థిరపడ్డాయి. 1931లో రాయ్‌పూర్–విజయనగరం లైను పూర్తయ్యాక రాకపోకలు ఇంకా సులువయ్యాయి. 2003 ఏప్రిల్ నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకి బిలాస్‌పూరే కేంద్రం. రైలెక్కి కాస్త దూరం పోతే భిలాయ్. అక్కడి ఉక్కు కర్మాగారం పట్టాల్ని అతికించి, 260 మీటర్ల పొడవున ఒక్క ముక్కగా పంపిస్తుంది. పాత రైలు ప్రయాణాల్లోని టకటక చప్పుడు తగ్గిపోవడానికి కారణం ఈ అతుకులే.

ఇలాంటి రైల్వే కుటుంబంలో రిటైరైన ఒక పెద్దాయన, బిలాస్‌పూర్‌కి పాతిక కిలోమీటర్ల దూరంలోని రతన్‌పూర్‌లో ఇల్లు కట్టుకున్నాడని ఊహించుకుందాం. చెరువుల ఊరు, మహామాయ గుడి ఉన్న ఊరు, ఒకప్పుడు కలచురి రాజుల రాజధాని. రైలు బిలాస్‌పూర్ మీదుగా పోయింది, పాత రాజధాని రోడ్డు పక్కన మిగిలింది. పెద్దాయనకి పెరటి గేటు కావాలి, నీళ్ళ డ్రమ్ముకి స్టాండు కావాలి, విరిగిన మడతకుర్చీ కాలు అతకాలి. ప్రతిదానికీ షాపు చుట్టూ తిరగలేక సొంతంగా ఒక వెల్డింగ్ మిషన్ కొందామనుకుంటాడు. విజయనగరం నుంచి వచ్చిన మేనల్లుడు ఫోన్‌లో బొమ్మ చూపిస్తాడు.

“మావయ్యా, రెండొందల ఆంపియర్లది తీసుకో. పెట్టి మీదే రాసుంటాది.”

“రెండొందలూ ఎక్కణ్ణుంచి వస్తాయిరా? మన గోడలోంచే కదా!”

మామూలుగా మిషన్ కొనేవాళ్ళు ఈ ప్రశ్న ఆఖర్న అడుగుతారు. మిషన్ ఇంటికొచ్చి, స్విచ్చి వేసి, ఎంసీబీ టప్పున పడిపోయాక. మొదట అడిగితే లెక్కంతా ఒక చిన్న కాగితం మీద పడుతుంది.

ఇంటి కరెంటు 230 వోల్టులు. ఏసీకో గీజరుకో పెట్టే పెద్ద సాకెట్ 16 ఆంపియర్లది. రెండూ గుణిస్తే 3,680. గోడ ఇవ్వగలిగింది అంతే. ఇక ఆర్క్ వైపు చూస్తే, రాడ్ కొసకీ ఇనుముకీ మధ్య మంట నిలబడినప్పుడు అక్కడ ఉండే వోల్టేజి చాలా తక్కువ. మిషన్లు పరీక్షించేటప్పుడు వాడే లెక్క ప్రకారం ఇరవై వోల్టులకి, ఆంపియరుకి 0.04 చొప్పున కలపాలి. 80 ఆంపియర్ల దగ్గర అది 23 వోల్టులు. అంటే ఆర్క్‌లో ఖర్చయ్యేది 1,850 వాట్లు, ఇంచుమించు స్నానాల గదిలో గీజరంత. గీజరు ఆ వేడిని బకెట్ల కొద్దీ నీళ్ళలో పరుస్తుంది. ఆర్క్ అదే వేడిని కందిగింజంత చోట కుమ్మరిస్తుంది. ఇనుము 1,538 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఆర్క్ వేడి ఐదారు వేల డిగ్రీలు ఉంటుంది. కరగక ఏం చేస్తుంది?

మరి గోడలోంచి ఎంత లాగుతుంది? చవక ఇన్వర్టర్ మిషన్ తీసుకున్న శక్తిలో 85 శాతం దాకా ఆర్క్‌కి చేరుస్తుంది. పవర్ ఫ్యాక్టర్ 0.7 చుట్టూ ఉంటుంది, అంటే వాడుకునే దానికంటే ఎక్కువ కరెంటు వైర్లలో పరుగులు పెట్టిస్తుంది. ఈ రెండూ కలిపి లెక్కేస్తే 80 ఆంపియర్ల ఆర్క్‌కి సాకెట్ దగ్గర పదమూడు, పద్నాలుగు ఆంపియర్లు కావాలి. 100 ఆంపియర్ల ఆర్క్ పెడితే పదిహేడు దాటిపోతుంది. కాబట్టి పెట్టె మీద 200 అని ఉన్నా, 250 అని ఉన్నా, 16 ఆంపియర్ల సాకెట్‌కి తగిలించిన చవక మిషన్ నికరంగా ఇచ్చేది తొంభై, ఇంకాస్త. నిజంగా రెండొందలు రాబట్టాలంటే ఆర్క్‌లోనే 5,600 వాట్లు ఖర్చవ్వాలి. గోడ దగ్గర అన్ని లేవు.

ఇది దిగులు పడాల్సిన సంగతేం కాదు. ఇంటి పనుల్లో తొంభైకి పైన అవసరం పడేది అరుదు. అవసరం లేని నూటపదికి డబ్బు ఎందుకు పోయాలన్నదే అసలు ప్రశ్న.

ఊళ్ళో వెల్డింగ్ షాపు ముందు ఉండే పాత మిషన్ సంగతి వేరు. ఇనుప రేకుల దిమ్మ, దాని చుట్టూ రాగి తీగ, చక్రాలు, పైన తిప్పే పిడి. ఇద్దరు పట్టినా లేవదు. దానిలో ఆంపియర్లు తగ్గించే ఉపాయమే కరెంటుని తిని కూర్చుంటుంది. రాడ్ తగలకముందు దాని కొసన డెబ్బై వోల్టులు ఉంటే, ఆర్క్ వాడుకునేది 23 అయినా గోడ నుంచి డెబ్బైకి సరిపడా కరెంటు లాగుతుంది. 80 ఆంపియర్ల పనికి 5,600 వోల్ట్-ఆంపియర్లు, సాకెట్ దగ్గర 24 ఆంపియర్లు. షాపువాళ్ళు రెండు ఫేజులు కలిపి 415 వోల్టుల మీద నడుపుకుంటారు గనక సరిపోతుంది. ఇంట్లో పెడితే ఫ్యూజు ఎగిరిపోతుంది, పక్కింటి బల్బు కన్నుకొడుతుంది. అలాగని ఆ మిషన్‌ని తీసిపారేయక్కర్లేదు. దాంట్లో చెడిపోయేందుకు పెద్దగా ఏమీ లేదు. దుమ్ములో, ఎండలో ఏళ్ళ తరబడి మూలుగుతూ పనిచేస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికితే ఆశ పుడుతుంది కూడా. గోడ ఒప్పుకోదు, అంతే.

ఇన్వర్టర్ ఎందుకంత చిన్నది? నుయ్యి నుంచి తొట్టి నింపడం లాంటిదే ఇది. పాత మిషన్ సెకనుకి యాభైసార్లు పెద్ద బిందెతో నీళ్ళు మోస్తుంది, ఎందుకంటే మన కరెంటు సెకనుకి యాభైసార్లు మాత్రమే ఊగుతుంది. ఇన్వర్టర్ ముందు ఆ ఊగే కరెంటుని తిన్నగా చేసి 320 వోల్టుల దాకా తెస్తుంది. తర్వాత ఐజీబీటీ అనే అర్ధవాహక స్విచ్చిలతో సెకనుకి పదుల వేలసార్లు ముక్కలు చేస్తుంది. అన్నిసార్లు తిరిగేవాడికి బిందె ఎందుకు, చెంబు చాలు. అందుకే మణుగుల ఇనుప దిమ్మ పోయి గుప్పెడు ఫెరైట్ మిగిలింది. నాలుగైదు కిలోల పెట్టె భుజానికి తగిలించుకుని వాటర్ ట్యాంకు మీదికి ఎక్కొచ్చు. ఎటొచ్చీ ఆ చెంబుకి ప్రాణం సున్నితం. గ్రైండర్ నుంచి లేచే ఇనుప పొడి ఫ్యాన్‌లోంచి లోపలికి పోయి బోర్డు మీద పేరుకుందంటే ఒక రోజు ఢామ్మంటుంది. గ్రైండింగ్ ఒక మూల, మిషన్ ఇంకో మూల ఉండాలి. షాపుల్లో రిపేరుకొచ్చే మిషన్లు విప్పి చూస్తే ఈ నల్లటి పొడి కనిపిస్తుంది.

పెట్టె మీద ఆంపియర్ల పక్కనే చిన్న అక్షరాల్లో ఇంకో అంకె ఉంటుంది, డ్యూటీ సైకిల్ అని. 160 ఆంపియర్ల దగ్గర 60 శాతం అంటే, పది నిమిషాల్లో ఆరు నిమిషాలు మండించి నాలుగు నిమిషాలు ఆరనివ్వాలి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఈ పరీక్ష 40 డిగ్రీల వేడిలో చెయ్యాలి. చల్లటి గదిలో పరీక్షించి అంకె వేసే తయారీదార్లూ ఉన్నారు. ఛత్తీస్‌గఢ్ మే నెలలో రేకుల షెడ్డు కింద ఆ అంకె నిలవదు. పనికొచ్చే కిటుకొకటుంది: ఆంపియర్లు తగ్గిస్తే మిషన్ ఓర్పు ఆంపియర్ల వర్గం లెక్కన పెరుగుతుంది. 160 దగ్గర 60 శాతం నిలిచే మిషన్ 120 దగ్గర ఆగకుండా నడుస్తుంది. పైగా ఇంట్లో పనిచేసేవాడు ఒక రాడ్ నిమిషం పైచిలుకు కాలుస్తాడు, తర్వాత సుత్తితో కొడతాడు, బ్రష్షు పెడతాడు, కొలుస్తాడు, టీ తాగుతాడు. అతని డ్యూటీ సైకిల్ మిషన్ కంటే తక్కువ. కనుక నమ్మకమైన 160, అనుమానపు 250 కంటే మేలు.

గోడ తర్వాత చూడాల్సింది ఇనుము. ఇంటి గేట్లకి, స్టాండ్లకి వాడే ఎమ్మెస్ స్క్వేర్ పైపు గోడ మందం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు. యాంగిల్ అయితే మూడు, ఐదు. ఈ మందాలకి 2.5 మిల్లీమీటర్ల రాడ్ సరిపోతుంది, షాపువాళ్ళు దాన్నే 12 నంబరు అంటారు. అది 60 నుంచి 90 ఆంపియర్ల మధ్య హాయిగా కాలుతుంది. 16 ఆంపియర్ల సాకెట్ ఇవ్వగలిగింది కూడా సరిగ్గా అంతే! పదో నంబరు, అంటే 3.15 మిల్లీమీటర్ల రాడ్, 90 దగ్గర మొదలై 130 దాకా అడుగుతుంది. దాన్ని షాపుకి వదిలెయ్యొచ్చు.

రాడ్ దగ్గర కాస్త ఆగాలి. కొత్తవాళ్ళు మిషన్ మీద పెట్టే శ్రద్ధలో పావు వంతు కూడా దీనిమీద పెట్టరు. రష్యా సామ్రాజ్యంలో నికొలాయ్ బెనార్దోస్ 1880లలో బొగ్గు కడ్డీతో ఆర్క్ వెల్డింగ్ చేసి పేటెంట్ పొందాడు. 1888లో నికొలాయ్ స్లావ్యానోవ్ బొగ్గు బదులు లోహపు కడ్డీనే కరిగించి అతుకులో పోశాడు. అతుకు పడింది గానీ గుల్లబారి పెళుసుగా ఉండేది. కరిగిన ఇనుము గాలి తగిలితే ఆక్సిజన్‌నీ నైట్రోజన్‌నీ పీల్చుకుంటుంది. మన కమ్మరికి ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. రెండు ఇనుప ముక్కల్ని కొలిమిలో తెల్లగా కాల్చి, సమ్మెటతో కొట్టి కలిపే ముందు వాటిమీద ఇసుకో వెలిగారమో చల్లుతాడు. అది కరిగి ఇనుము మీద గాజుపొరలా కప్పుకుంటుంది, చిట్టెం దాంతోపాటు జారిపోతుంది. మైకల్ కొండల్లో ఇనుము తీసిన అగరియా తెగవాళ్ళ గురించి మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1942లో ఒక పుస్తకమే రాశాడు. పాత బిలాస్‌పూర్ జిల్లా వాళ్ళ ఇలాకాలోదే.

కొలిమి దగ్గరి ఇసుకని రాడ్ మీదికి ఎక్కించినవాడు స్వీడన్ ఇంజనీరు ఆస్కార్ షెల్‌బెర్గ్. ఓడల బాయిలర్ల రిపేర్ల మీద పనిచేస్తూ, ఇనుప తీగని ఖనిజాల చిక్కటి ముద్దలో ముంచి ఆరబెట్టాడు. ఆ పూత కాలినప్పుడు వచ్చే పొగ గాలిని దూరంగా తోస్తుంది, కరిగిన పూత చిట్టెమై అతుకుని కప్పుతుంది. 1904లో గోథెన్‌బర్గ్‌లో అతను పెట్టిన కంపెనీ ఈసాబ్. ఆ పేరు ఈనాటికీ మన ఊళ్ళ హార్డ్‌వేర్ షాపుల్లో రాడ్ల ప్యాకెట్ల మీద ఉంటుంది.

ప్యాకెట్ మీద ఈ6013 అని ఉంటే కొత్తవాడికి అదే సరైనది. 60 అంటే అతికిన లోహం చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల లాగుడుకి నిలుస్తుందని, 1 అంటే నిలువునా, అడ్డంగా, తలపైనా ఏ భంగిమలోనైనా వాడొచ్చని. ఆఖరి రెండంకెలు కలిపి పూత రకాన్ని, కరెంటు రకాన్ని చెబుతాయి. ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 814 అన్న అంకె ఉన్నాయేమో చూడటం మంచిది. 7018 గట్టి రాడ్డే గానీ తేమ పడదు, ఓవెన్‌లో మూడొందల డిగ్రీలకి పైన కాల్చి వాడమంటుంది. వానాకాలం రతన్‌పూర్‌లో దానికి సేవ చేసే ఓపిక ఎవరికుంటుంది? 6013కి గాలి దూరని డబ్బా చాలు.

ఆర్క్ మొదలుపెట్టడం అగ్గిపుల్ల గీయడమే. కొస తగిలించి వెంటనే పైకి లేపాలి. ఆలస్యమైతే రాడ్ బంకలా అతుక్కుపోయి ఎర్రబడుతుంది, హోల్డర్ నొక్కి వదిలించుకోవాలి. ఇన్వర్టర్లలో ఉండే హాట్ స్టార్ట్, యాంటీ స్టిక్ అనే ఏర్పాట్లు ఈ మొదటి గంటల కష్టాన్ని కొంత తగ్గిస్తాయి, వాటికోసం నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇవ్వొచ్చు. రాడ్ కొసకీ ఇనుముకీ మధ్య ఎడం రాడ్ మందానికి మించకూడదు. సరిగ్గా కుదిరితే నూనెలో పకోడీలు వేగుతున్నంత నిలకడగా చిటపటలాడుతుంది. ఎడం పెరిగితే ఆ చప్పుడు బుసగా మారి నిప్పురవ్వలు నాలుగు దిక్కులా చిమ్ముతాయి. చల్లారాక చిట్టెం తట్టగానే పెచ్చులా లేచొస్తే పని బాగా వచ్చినట్టు. చీలికల్లో ఇరుక్కుని సుత్తికి లొంగకపోతే ఆంపియర్లు తక్కువైనట్టో, చెయ్యి కుదరనట్టో.

రాడ్ బదులు తీగ వదిలే మిగ్ మిషన్లు కూడా ఇప్పుడు ఇంటివాళ్ళ అందుబాటులోకి వచ్చాయి. మీట నొక్కితే తీగ దానంతటదే వస్తుంది, చెయ్యి తొందరగా కుదురుతుంది. ఒక మిల్లీమీటర్ రేకు పని ఎక్కువుంటే అదే మంచిది. కానీ కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ మోయాలి, ఆరుబయట గాలికి ఆ గ్యాస్ చెదిరిపోతుంది. లోపల మందు నింపిన తీగ వాడితే సిలిండర్ అక్కర్లేదు గానీ తీగ ఖరీదు. పైగా తీగ నెగటివ్ వైపు ఉండాలి. వైర్లు మార్చకుండా పాజిటివ్ మీదే నడిపి, మిషన్ పాడైందని తిట్టుకునేవాళ్ళున్నారు. గేటూ స్టాండూ మాత్రమే చేసుకునే పెద్దాయనకి రాడ్ మిషన్ చాలు.

రైల్వే ఇళ్ళల్లో ఇంకో సరదా ఉంటుంది. మూరెడు పట్టా ముక్క దొరికితే దాగలి చేసుకోవచ్చని. మొదటి చిక్కు 1966 నాటి రైల్వే ఆస్తి అక్రమ స్వాధీన చట్టం, రసీదు లేని ముక్క ఇంట్లో ఉంటే వివరణ ఇచ్చుకోవాల్సింది ఇంటివాడే. వేలంలో కొన్నదే అనుకున్నా రెండో చిక్కు కార్బన్‌ది. మామూలు ఎమ్మెస్‌లో అది పావు శాతం లోపు, పట్టాలో 0.6 నుంచి 0.8 శాతం. 6013తో పట్టాకి ఒక కాలు అతికిస్తే అతుకు అందంగానే పడుతుంది. దాని పక్కన వేడెక్కి ఒక్కసారిగా చల్లారిన ఇనుము మాత్రం గాజులా గట్టిపడి, ఆ రాత్రే టిక్కుమని చీలొచ్చు. థర్మిట్ గ్యాంగ్ పట్టా కొసల్ని ముందు ఎర్రగా కాల్చేది ఊరికే కాదు.

డబ్బు సంగతి. మొత్తంలో మూడో వంతు మిషన్ కాని వాటికి పక్కన పెట్టాలి. మొదటిది అద్దం. చేత్తో పట్టుకునే నల్ల అద్దం చవక, కానీ రాడ్ ఎక్కడ తగులుతుందో కనపడక కొత్తవాడు అద్దం పక్కకి తీసి గీస్తాడు, సరిగ్గా అప్పుడే కాంతి కళ్ళలో కొడుతుంది. దానంతటదే నల్లబడే హెల్మెట్ 10, 11 షేడ్‌ది తీసుకుంటే ఆ బెడద ఉండదు. ఆర్క్ కొట్టిన సంగతి వెంటనే తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, అర్ధరాత్రి, కళ్ళలో ఇసుక పోసినట్టవుతుంది. అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరని కాల్చిన ఫలితం అది. ఆలుగడ్డ ముక్కలు పెట్టుకుంటే చల్లగా ఉంటుందేమో గానీ కాలిన పొర మానడానికి దాని సాయం ఏమీ లేదు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో అదే మానుతుంది. చూపు మసకబారినా, నొప్పి తగ్గకపోయినా కంటి డాక్టరు దగ్గరికి పోవాలి.

రెండోది తోలు గ్లౌజులు, నూలు బట్టలు, పొగకి ఎదురుగా కాక పక్కగా నిలబడే అలవాటు. జీఐ పైపు మీది జింకు 907 డిగ్రీలకే మరిగిపోతుంది, ఇనుము కరిగే లోపే తెల్లటి పొగై లేస్తుంది. దాన్ని పీల్చినవాడికి ఆ సాయంత్రం చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే విరుగుడని షాపుల్లో గట్టి నమ్మకం, ఊపిరితిత్తుల్లోకి పోయిన పొగని కడుపులోకి పోయిన పాలు ఏం చేస్తాయో ఎవరూ చెప్పరు. పూతని ముందే గ్రైండర్‌తో తీసేస్తే ఆ జ్వరమే రాదు. మూత బిగించిన డ్రములు, పెట్రోలు ట్యాంకులు ఎంత ఖాళీగా కనిపించినా ముట్టుకోకూడదు.

మూడోది ఇంటి వైరింగ్. సాకెట్లో మూడో రంధ్రం ఉంటుంది, వెనక ఎర్త్ వైరు ఉండకపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అది నిజంగా భూమికి చేరుతుందో లేదో చూపించుకోవాలి, సాకెట్‌కి సి రకం ఎంసీబీ పెట్టించుకోవాలి. ఎక్స్‌టెన్షన్ తప్పకపోతే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకి తగ్గకూడదు, చుట్ట మొత్తం విప్పాలి. చుట్టలో వేడి బయటికి పోక ప్లాస్టిక్ కరుగుతుంది. కరెంటు బిల్లులో మంజూరైన లోడ్ ఎంతో కూడా ఓసారి చూసుకోవాలి.

బిలాస్‌పూర్‌లో పెట్టె దించుకుని, 160 ఆంపియర్లది, రెండు ప్యాకెట్ల 12 నంబరు రాడ్లతో పెద్దాయన రతన్‌పూర్ చేరాడనుకుందాం. గేటు ఇంకా మొదలుపెట్టకూడదు. పాత పట్టీ ముక్కలు రెండు తీసుకుని, ఒకదాని మీద ఒకటి నిలువుగా పెట్టి, ఒక్క వైపు మాత్రమే అతకాలి. చల్లారాక వైస్‌లో బిగించి, అతుకు ఉన్న వైపుకి ఆ నిలువు ముక్క ఒరిగేలా సుత్తితో కొట్టాలి. పట్టీ వంగి అతుకు నిలిస్తే సరే. అతుకు విరిగితే విరిగిన ముఖం చూడాలి. అక్కడ చిట్టెం నల్లగా మెరుస్తూ ఉంటే రాడ్ తొందరపడింది. చీమ తొలిచినట్టు గుల్లలుంటే రాడ్ తడిసింది, లేదా ఎడం ఎక్కువైంది. కింది పట్టీ అసలు కరగకుండా నున్నగా, దాని మీద అతుకు వడియంలా ఊడొస్తే ఆంపియర్లు తక్కువ. పది పెంచి ఇంకో జత అతకాలి. మొదటి ప్యాకెట్ మొత్తం ఇలాగే పోతుంది.

మేనల్లుడు పక్కనుంటే విరిగిన ముక్కల మీద సుద్దతో ఆంపియర్లు రాసి వరసగా పెట్టమని చెప్పాలి. గేటు రెండో ప్యాకెట్‌తో మొదలవుతుంది.